జీపుబండి – దాని బ్రేకుల చరిత్ర

కొండదారులలోను, బురదనేలలలోను తిరుగగల పెద్ద మోటారు వాహనములను నేడు ఎస్.యు.వి.లని పిలుచుచున్నారు. వీనిలో చాలవాటికి మూలము రెండవ ప్రపంచయుద్ధ కాలమున పుట్టిన జీపుబండి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కొన్ని దశాబ్దుల పాటు మన పల్లెలలో జీపు వచ్చినదన్న ఎవరో సర్కారు ఉద్యోగి వచ్చినాడని అర్థము. ఆ బండి వాగులు దాటుటను, గట్లెక్కుటను గూర్చి చెప్పుకొనని వారు లేరు. అది ఎట్లు ఆగుచుండెనో ఆలోచించిన వారు కొద్దిమంది. బండిని నడుపుటకంటె దానిని సమయమునకు ఆపుటయే కష్టమైన పని. జీపు బ్రేకులను పరిశీలించినచో, హైస్కూలు తరగతులలో చదువుకొను ఘర్షణ, ఉష్ణము, పాస్కల్ సూత్రము మూడును ఒకే యంత్రమున కనిపించును. అంతేకాదు, ఒక యంత్రమునకు బలమునిచ్చిన సూత్రమే దానికి అపాయమును ఎట్లు తెచ్చిపెట్టునో కూడ తెలియును.

జీపు పుట్టుక

1940 జూలై నెలలో అమెరికా సైన్యమువారు 135 కంపెనీలకు లేఖలు వ్రాసిరి. తేలికగా నుండి, నాలుగు చక్రములకును ఎంజను శక్తి అందునట్టి చిన్న బండి వారికి కావలసియుండెను. మొదటి బండిని 49 దినములలో సిద్ధము చేయవలెనని షరతు పెట్టిరి. ఇంత తక్కువ గడువునకు ఒప్పుకొని బండిని తయారుచేసినది పెన్సిల్వేనియా రాష్ట్రమున బట్లర్ పట్టణమునందలి బాంటమ్ అను చిన్న కంపెనీ. కార్ల్ ప్రోబ్స్ట్ అను ఇంజనీరు పటములు గీసెను. 1940 సెప్టెంబరు 23వ తేదీన ఆ బండి హోలబర్డ్ సైనిక శిబిరమునకు చేరెను. అటుపిమ్మట విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కూడ తమ నమూనాలను తెచ్చినవి. 1941లో సైన్యము విల్లీస్ నమూనాను ప్రమాణముగా గ్రహించినది. యుద్ధము ముగియులోపల విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండును కలిసి ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేసినవి.

విల్లీస్ ఎం.బి. అను ఆ యుద్ధకాలపు జీపు ముఖ్య వివరములు ఇవి: ఎంజనుకు నాలుగు సిలిండర్లు. వాటి మొత్తము పరిమాణము సుమారు 2200 ఘన సెంటీమీటర్లు. దాని సామర్థ్యము 60 అశ్వశక్తి. ముందు ఇరుసునకు, వెనుక ఇరుసునకు నడుమ దూరము 80 అంగుళములు, అనగా సుమారు 2 మీటర్లు. ఖాళీబండి సుమారు 1100 కిలోగ్రాములు తూగును. ముందునకు పోవుటకు మూడు గేర్లు కలవు. నాలుగు చక్రములకు శక్తిని పంచు మరొక గేరుపెట్టెలో మామూలు గేరు, బరువు గేరు అని మరి రెండు కలవు. గరిష్ఠ వేగము గంటకు 65 మైళ్లు, అనగా సుమారు 105 కిలోమీటర్లు. నాలుగు చక్రములకును 9 అంగుళముల వ్యాసము గల డ్రమ్ము బ్రేకులు ఉండెను. ఆ బ్రేకులు ద్రవపీడనముతో పనిచేయునవి.

యుద్ధము తరువాత 1945లో విల్లీస్ కంపెనీ పౌరుల ఉపయోగమునకై సి.జె. అను జీపుల వరుసను ప్రారంభించెను. భారతదేశమున మహీంద్రా కంపెనీ మొదట విడిభాగములను తెప్పించి బొంబాయిలో బండ్లను కూర్చినది. తరువాత వాటిని ఇక్కడనే తయారుచేయసాగినది. 1952లో ప్రారంభమైన సమాజవికాస బ్లాకులలోను, నీటిపారుదల పనులలోను, అడవులలోను ఈ బండ్లే తిరిగినవి. బండితోపాటు దాని బ్రేకుల గుణదోషములును మన రోడ్లకు వచ్చినవి.

బ్రేకు చేయు పని ఏమి?

కదలుచున్న వస్తువునకు గతిజశక్తి ఉండును. ద్రవ్యరాశిలో సగమును వేగముయొక్క వర్గముతో హెచ్చించినచో ఆ శక్తి తెలియును. శక్తి నశించునది కాదు. కావున బండి ఆగవలెనన్న ఆ శక్తి వేరొక రూపమును పొందవలెను. బ్రేకు దానిని ఘర్షణ మూలముగ ఉష్ణముగా మార్చును.

మనుష్యులతోను, సామానుతోను జీపు ద్రవ్యరాశి 1500 కిలోగ్రాములనుకొందము. అది గంటకు 60 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకండునకు 16.67 మీటర్ల చొప్పున పోవుచున్నది. దాని గతిజశక్తి సుమారు 2,08,000 జౌళ్లు. డ్రైవరు దానిని 4 సెకండ్లలో ఆపినచో, సెకండునకు 52,000 జౌళ్ల చొప్పున శక్తి ఉష్ణముగా మారును. ఇది ఇంచుమించు 70 అశ్వశక్తికి సమానము. జీపు ఎంజను సామర్థ్యము 60 అశ్వశక్తి మాత్రమే. అనగా ఆ నాలుగు సెకండ్లలో బండిని ఆపు సాధనము, బండిని లాగు ఎంజనుకంటె ఎక్కువ పని చేయుచున్నదన్నమాట.

ఈ లెక్కలో వేగముయొక్క వర్గము ఉన్న సంగతిని మరువరాదు. 60 కిలోమీటర్ల వేగము 90 అయినచో వేగము ఒకటిన్నర రెట్లే పెరిగినది. బ్రేకు భరింపవలసిన శక్తి మాత్రము రెండుంబాతిక రెట్లైనది. వేగము రెట్టింపైనచో శక్తి నాలుగు రెట్లగును.

కొండ దిగునప్పుడు లెక్క మరొక రీతిగ నుండును. తిరుపతికంటె తిరుమల సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. అక్కడికి మొదటి ఘాటురోడ్డు 1944లో ఏర్పడెను. 1500 కిలోగ్రాముల బండి అంత ఎత్తు దిగినచో విడుదలయగు స్థితిజశక్తి ఒక కోటి జౌళ్లకు మించును. సుమారు 30 లీటర్ల చన్నీటిని మరిగించుటకు ఇది చాలును. ఒక్కొక్క డ్రమ్మునందు 6 కిలోగ్రాముల ఇనుము ఉన్నదనుకొన్నచో, ఆ ఉష్ణమంతయు నాలుగు డ్రమ్ములలోనే నిలిచియున్నచో వాటి ఉష్ణోగ్రత 900 డిగ్రీలకు పైగా పెరుగవలెను! నిజమునకు అంత పెరుగదు. గాలి డ్రమ్ములను చల్లార్చుచుండును. ఎంజను కూడ బండిని కొంత నిలువరించును. అయినను ఈ లెక్క ఒక హెచ్చరిక. ఘాటుదారిలో తక్కువ గేరులో దిగవలెనని డ్రైవర్లకు చెప్పుటకు కారణమిదియే. ఎంజనుకు ఎక్కువ పని అప్పగించిన కొలది బ్రేకులకు వేడి తగ్గును.

కట్టెముక్క నుండి డ్రమ్ము వరకు

మోటారు పుట్టకముందు గుఱ్ఱపుబండ్ల చక్రముల అంచున కట్టెదిమ్మను ఒత్తి బండిని ఆపుచుండిరి. ఇంగ్లండు దేశమున హెర్బర్ట్ ఫ్రూడ్ అను నాతడు కొండదారులలో బండివాండ్రు ఆ దిమ్మలకు పాత తోలుబూట్లను తగిలించుకొనుటను గమనించెను. కట్టెకంటె తోలు చక్రమును గట్టిగ పట్టుచుండెను. దీనినుండి ఆలోచన సాగించి ఆతడు 1897 ప్రాంతమున బ్రేకులకు ప్రత్యేకమైన ఘర్షణ పదార్థములను తయారుచేయసాగెను. తరువాతి కాలమున లైనింగులలో రాతినార వాడుక వ్యాపించెను. వేడికి అది బాగుగా ఓర్చుకొనును. కాని దాని ధూళి ఊపిరితిత్తులలో ప్రవేశించి క్యాన్సరు మొదలగు వ్యాధులను కలిగించునని తేలినది. అనేక దేశములు దాని వాడుకను నిషేధించినవి. పాతకాలపు జీపు డ్రమ్మును విప్పి అందలి ధూళిని నోటితో ఊదుట, పొడిగా దులుపుట ప్రమాదకరము.

1902లో ఫ్రాన్సు దేశీయుడు లూయీ రెనో డ్రమ్ములోపల వ్యాకోచించు బ్రేకును వాడెను. చక్రముతోపాటు తిరుగు ఇనుప డ్రమ్ములో అర్ధచంద్రాకారపు షూలు రెండు కదలక కూర్చుండును. బ్రేకు వేసినప్పుడు అవి బయటికి జరిగి డ్రమ్ము లోపలి గోడను రాయును. రాపిడి డ్రమ్ములోపల జరుగుటచే దుమ్ము, వాన కొంతవరకు సోకవు.

ఇక పెడలునుండి షూలకు బలమును చేర్చుట ఎట్లు? మొదట ఇనుపకడ్డీలను, తీగలను వాడిరి. వీనితో ఒక చిక్కు ఉండెను. నాలుగు చక్రములకు నాలుగు కడ్డీలు. ఒక్కొక్కదాని పొడవును సరిగా సవరింపనిచో ఒక చక్రము ముందుగా, మరొకటి ఆలస్యముగా పట్టును. బండి ఒక వైపునకు లాగుకొనిపోవును. గతుకులలో ఇరుసు పైకి క్రిందికి ఊగినప్పుడు కడ్డీలు కూడ బిగియుచు, వదులగుచు ఉండును.

పాస్కల్ సూత్రము రోడ్డెక్కుట

17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు బ్లేజ్ పాస్కల్, మూసియున్న ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము అన్ని దిక్కులకును సమానముగా వ్యాపించునని నిరూపించెను. ఈ సూత్రమును మోటారు బ్రేకులకు అన్వయించినవారిలో ముఖ్యుడు అమెరికా దేశీయుడు మాల్కమ్ లాక్‌హీడ్. 1917లో ఆతడు ద్రవ బ్రేకులకు పేటెంటు పొందెను. 1921లో ఫ్రాన్సు గ్రాండ్ ప్రీ పందెమున గెలిచిన డ్యూసెన్‌బర్గ్ కారునకు నాలుగు చక్రములకును ద్రవ బ్రేకులే ఉండెను. 1924లో క్రైస్లర్ కంపెనీ వాటిని సామాన్యుల కార్లలోనికి తెచ్చెను.

తొలినాటి బ్రేకు ద్రవములలో ఆముదమును, ఆల్కహాలును కలిపి వాడుచుండిరి. ఆనాటి సహజరబ్బరు వాషర్లను ఆముదము చెరుపదు. భూమినుండి తీసిన ఖనిజతైలములు మాత్రము ఆ రబ్బరును ఉబ్బజేసి పాడుచేయును. తరువాత గ్లైకాల్ జాతి ద్రవములు వాడుకలోనికి వచ్చినవి.

జీపులో ఈ సూత్రము ఎట్లు పనిచేయునో చూతము. డ్రైవరు కాలిక్రింద, బండి చట్రమునకు బిగించి, మాస్టరు సిలిండరు ఉండును. అందలి పిస్టను వ్యాసము 1 అంగుళము. అక్కడనుండి సన్నని గొట్టములు నాలుగు చక్రములకును పోవును. ముందు చక్రముల సిలిండర్ల వ్యాసము 1 అంగుళము. వెనుకవాటి వ్యాసము ముప్పాతిక అంగుళము. డ్రైవరు 300 న్యూటన్ల బలముతో పెడలును త్రొక్కినాడనుకొందము. పెడలు ఒక తులాదండము. అది బలమును ఆరు రెట్లు చేసినచో పిస్టనుపై 1800 న్యూటన్ల బలము పడును. ద్రవమునందు పీడనము అంతటను ఒక్కటే. ముందు సిలిండరు వైశాల్యము మాస్టరు సిలిండరునకు సమానము గనుక అక్కడ ఒక్కొక్క షూమీద 1800 న్యూటన్ల బలము కలుగును. వెనుక సిలిండరు వైశాల్యము ముప్పాతిక వర్గము, అనగా 16లో 9 వంతులు మాత్రమే. కావున అక్కడ సుమారు 1010 న్యూటన్ల బలమే పడును.

ముందు చక్రములకు ఎక్కువ బలమేల? బ్రేకు వేసినప్పుడు బండిలోని మనుష్యులు ముందునకు తూలుదురు. అట్లే బండి బరువు కూడ ముందు చక్రములపై మొగ్గును. వెనుక చక్రములు తేలికపడును. తేలికపడిన చక్రమును గట్టిగా పట్టినచో అది తిరుగుట మాని జారును. బండి వెనుకభాగము ప్రక్కకు విసరుకొనును. ఒక్క సిలిండరు వ్యాసమును తగ్గించుటచే ఇంజనీర్లు ఈ అపాయమును చాలవరకు తగ్గించిరి. కడ్డీలతో కుదరని సమత్వము ద్రవముతో సహజముగనే కుదిరినది.

ఫోర్డ్ కంపెనీ శంక

ఇంత మేలైన ఏర్పాటును ఫోర్డ్ కంపెనీ చాలకాలము అంగీకరింపలేదు. 1938 నమూనాల వరకు అది ఇనుపకడ్డీలను, తీగలను వదలలేదు. పెడలునుండి చక్రమువరకు ఉక్కే ఉన్నదని తన ప్రకటనలలో గొప్పగా చెప్పుకొన్నది. 1939 నమూనాలతోనే అది ద్రవ బ్రేకులకు మారినది. రెండేండ్లు గడచిన తరువాత ఆ కంపెనీయే ద్రవ బ్రేకులు గల జీపులను తయారుచేసినది.

ఫోర్డ్ పట్టుదలను మూర్ఖత్వమని తీసివేయరాదు. నాలుగు కడ్డీలలో ఒకటి విరిగినచో తక్కిన మూడు పనిచేయును. ద్రవ బ్రేకులలో అట్లు కాదు. పీడనము అంతటను సమానమన్నచో, ఒకచోట చిల్లుపడినను పీడనము అంతటను సమానముగనే పోవును. ముందు చక్రము దగ్గరి రబ్బరుగొట్టము చిట్లినచో వెనుక చక్రముల బ్రేకులు కూడ నిరుపయోగమగును. యుద్ధకాలపు జీపులో నాలుగు చక్రములకు మాస్టరు సిలిండరు ఒక్కటే. అందలి పీడనపు గది ఒక్కటే. పాస్కల్ సూత్రము ఇచ్చిన వరములోనే ఈ శాపము ఇమిడియున్నది.

జీపు బ్రేకులలో తరచు వచ్చు లోపములు

జీపు మెకానికులకు బాగుగా తెలిసిన లోపములన్నిటికిని భౌతికశాస్త్రము కారణము చెప్పగలదు.

పెడలు స్పంజివలె మెత్తగా నుండుట: ద్రవమును ఎంత నొక్కినను దాని పరిమాణము ఇంచుమించు తగ్గదు, గాలి సులభముగ కుంచించుకొనును. గొట్టములలో గాలిబుడగ చేరినచో త్రొక్కుడంతయు ఆ బుడగను నొక్కుటకే పోవును. ఒకరు పెడలు త్రొక్కుచుండగా మరొకరు చక్రము దగ్గరి చిన్న మరను వదులుచేసి బుడగలను బయటికి పంపవలెను. మాస్టరు సిలిండరునకు దూరమున నున్న చక్రముతో మొదలుపెట్టుట వాడుక.

పెడలు మెల్లగా దిగజారుట: పెడలును అదిమి పట్టినను అది క్రిందికి పోవుచున్నచో ఎచ్చటనో ద్రవము కారుచున్నదనియో, మాస్టరు సిలిండరులోని రబ్బరు వాషరు అరిగినదనియో అర్థము. ఇది అన్నిటిలోను అపాయకరమైన సూచన. ఇట్టి బండిని బయటికి తీయరాదు.

పెడలు చాల క్రిందికి పోయిన తరువాత బ్రేకు పట్టుట: లైనింగు అరిగినకొలది షూనకు, డ్రమ్మునకు నడుమ ఎడము పెరుగును. తరువాతి వాహనములలో ఈ ఎడమును తనంతట సవరించు ఏర్పాట్లు వచ్చినవి. పాత జీపులో మెకానికు చేతితోనే సవరింపవలెను. అంతేకాక షూలు రెండును సమానముగ అరుగవు. తిరుగు డ్రమ్ము ముందరి షూను తనతో ఈడ్చుకొని మరింత గట్టిగా అదుముకొనును; వెనుక షూను దూరముగ నెట్టును. ముందరి షూయే ఎక్కువ పనిచేయును. కనుక అదియే త్వరగ అరుగును.

బండి ఒక ప్రక్కకు లాగుట: ఒక వైపు లైనింగునకు జిడ్డు అంటుట దీనికి ముఖ్య కారణము. జీపు ముందు ఇరుసు చివర చక్రము త్రిప్పు భాగమున గ్రీజు, నూనె నిండియుండును. అక్కడి సీలు చెడినచో అవి డ్రమ్ములోనికి కారును. జిడ్డు అంటిన లైనింగునకు ఘర్షణ తగ్గును; ఎదుటి చక్రము మాత్రమే గట్టిగా పట్టును.

బ్రేకు వదలకపోవుట: పెడలు వదలినప్పుడు ద్రవము ఒక సన్నని రంధ్రముగుండ తొట్టిలోనికి తిరిగి పోవలెను. రబ్బరు వాషరు ఉబ్బి ఆ రంధ్రమును మూసినచో పీడనము నిలిచిపోవును, షూలు డ్రమ్మును రాయుచునే యుండును, డ్రమ్ములు కాలిపోవును. పెడలుకు సుమారు అర అంగుళము వదులు లేకున్నను ఇదే జరుగును. బ్రేకు ద్రవము తక్కువైనదని చేతికందిన ఎంజను నూనె పోయుట దీనికి ఒక కారణము. ఆ నూనె రబ్బరును ఉబ్బజేయును. పూట గడుపుటకు చేసిన ఆ పని బండిలోని వాషర్లన్నిటిని నాశనము చేయగలదు.

వాగు దాటిన తరువాత బ్రేకు పట్టకపోవుట: నీరు డ్రమ్ములో చేరి షూనకు, డ్రమ్మునకు నడుమ పలుచని పొరగ నిలుచును. నీటిని దాటిన పిమ్మట డ్రైవరు మెల్లగా పోవుచు పెడలును కొంచెముగ అదిమియుంచవలెను. రాపిడి వేడికి నీరు ఆవిరియగును. బురద, ఇసుక చేరినచో మాత్రము డ్రమ్మును విప్పి కడుగక తప్పదు. లేనిచో ఇసుక డ్రమ్ము గోడపై చారలు గీయును.

దీర్ఘమైన దిగుడులో బ్రేకు బలము తగ్గుట: ఇందులో మూడు కారణములు కలిసియుండవచ్చును. మొదటిది, మిక్కిలి వేడెక్కిన లైనింగునకు ఘర్షణ తగ్గును. రెండవది, వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమగును. పెడలు క్రిందికి పోవును. మూడవది, బ్రేకు ద్రవమే మరుగును. గ్లైకాల్ జాతి ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్-3 అను తరగతి కొత్త ద్రవము కనీసము 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరుగరాదని ప్రమాణము; 3.7 శాతము నీటిని పీల్చినప్పుడు ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవును. మరిగిన ద్రవమున ఆవిరి బుడగలు పుట్టును. గాలివలెనే ఆవిరి కూడ కుంచించుకొనును. అంతవరకు గట్టిగా నున్న పెడలు ఒక్కసారిగ నేలకు అంటును. బ్రేకు ద్రవమును కాలము తప్పక మార్చవలెననుటకు ఇదియే కారణము.

చేతిబ్రేకు

జీపు చేతిబ్రేకు చక్రములమీద పనిచేయదు. గేరుపెట్టె వెనుక, వెనుక ఇరుసునకు పోవు షాఫ్టుమీద పనిచేయును. ఆ షాఫ్టు 4.88 సార్లు తిరిగినచో చక్రము ఒక్కసారి తిరుగును. కావున చిన్న బ్రేకే చక్రము దగ్గర దాదాపు ఐదు రెట్ల పట్టునిచ్చును. దీనికి ద్రవముతో సంబంధము లేదు. గొట్టము చిట్లినప్పుడు డ్రైవరునకు మిగులు రెండవ ఆధారము ఇదొక్కటే.

దీని లోపమును కూడ తెలిసికొనవలెను. వెనుక చక్రములు రెంటికి నడుమ డిఫరెన్షియలు ఉండును. షాఫ్టు కదలకున్నను, ఒక చక్రము ముందునకు తిరిగినచో రెండవది వెనుకకు తిరుగగలదు. కావున నాలుగు చక్రముల గేరు వేయక, వెనుక చక్రమొకదానిని జాకీపై లేపినచో చేతిబ్రేకు వేసియున్నను బండి దొర్లవచ్చును. నేలమీది చక్రములకు రాళ్లు అడ్డుపెట్టుట చాదస్తము కాదు, అత్యవసరము.

ఒకటికి రెండు

ఒకే ద్రవమార్గమునందలి అపాయమునకు ఇంజనీర్లు కనుగొన్న ఉపాయము సులభమైనది. మాస్టరు సిలిండరులో ఒకదాని వెనుక ఒకటిగా రెండు పిస్టనులను ఉంచి, మార్గమును రెండుగా చీల్చిరి. ఒక మార్గము రెండు చక్రములకు, రెండవది తక్కిన రెంటికి. ఒక ప్రక్క ద్రవము కారిపోయినను రెండవ ప్రక్క పీడనము నిలుచును. పెడలు కొంత క్రిందికి పోవును, బండి ఆగుటకు ఎక్కువ దూరము పట్టును, కాని ఆగును. పాస్కల్ సూత్రము మారలేదు. అది వర్తించు పాత్ర ఒకటికి బదులు రెండైనది.

1962లో అమెరికాలో కాడిలాక్, రాంబ్లర్ కార్లకు ఈ ఏర్పాటు వచ్చినది. 1966లో ఆ దేశమున మోటారు వాహనముల భద్రతా చట్టము వెలువడినది. 1968 నుండి అక్కడ అమ్మబడు కొత్త కార్లకు రెండు మార్గముల బ్రేకులు తప్పనిసరియైనవి. లాక్‌హీడ్ పేటెంటు నాటినుండి దీనికి అర్ధశతాబ్దము పట్టినది. ఉపాయము కష్టమైనదగుటచే కాదు. అది తప్పక ఉండవలెనని ఒక చట్టము నిర్బంధించువరకు అందరును దానిని అనుసరింపలేదు.

వేడి సమస్యకు పరిష్కారము డిస్కు బ్రేకు. 1902లోనే ఇంగ్లండునందు ఫ్రెడరిక్ లాంచెస్టర్ దీనికి పేటెంటు పొందెను. 1953లో ఫ్రాన్సునందలి లె మాన్ 24 గంటల పందెమున డిస్కు బ్రేకులు గల జాగ్వార్ కారు గెలిచి దాని మేలును లోకమునకు చూపెను. డిస్కు బయటికి తెరచియుండును గనుక గాలి దానిని త్వరగా చల్లార్చును. వేడికి డ్రమ్ము షూలకు దూరమగును; డిస్కు మందము పెరిగి ప్యాడ్లకు దగ్గరగును. నీరు, బురద దానిపై నిలువక విసరివేయబడును. జీపు వంశమునకు చెందని రేంజ్ రోవర్ అను బ్రిటిష్ బండి 1970లోనే నాలుగు చక్రములకును డిస్కు బ్రేకులతో వెలువడెను. జీపు సి.జె. బండ్లలో డ్రమ్ముల వ్యాసము క్రమముగ 11 అంగుళములకు పెరిగినది. అటుపిమ్మట ముందు చక్రములకు డిస్కులు వచ్చినవి. చక్రములు జారకుండ పీడనమును తానే సవరించు ఎ.బి.ఎస్. ఏర్పాటు మన దేశమున 2019 ఏప్రిల్ నుండి కొత్త కార్లన్నిటికి తప్పనిసరియైనది.

తరగతిలో చేయదగిన ప్రయోగము

సూదులు లేని మూడు ఇంజెక్షను సిరంజీలను, మూడు కొనలు గల గొట్టమును తీసికొని నీటితో నింపవలెను. ఒక సిరంజీని నొక్కినచో తక్కిన రెంటి పిస్టనులును కదలును. ఇది జీపు బ్రేకు. గొట్టములో కొంత గాలి ఉంచి మరల నొక్కవలెను. ఎంత నొక్కినను పిస్టనులు ఆలస్యముగ కదలును; చేతికి మెత్తదనము తెలియును. ఇప్పుడు రెండు సిరంజీలలో ఒకదానిని గొట్టమునుండి ఊడదీసి నొక్కవలెను. నీరు తెరచిన కొననుండి పోవును; చక్కగా తగిలియున్న రెండవ సిరంజీ కదలదు. దానియందు లోపమేమియు లేదు. అయినను అది పనిచేయదు. తరువాత రెండు విడి గొట్టములతో రెండు జతలను అమర్చి, నొక్కు సిరంజీలు రెంటిని ఒకే చెక్కతో నొక్కవలెను. ఒక జత గొట్టము ఊడినను రెండవ జత పనిచేయును. యుద్ధకాలపు జీపునకు, నేటి బండికి గల భేదము విద్యార్థుల చేతికే తెలియును.

పాత జీపులు నేటికిని కొన్నిచోట్ల నడచుచున్నవి. వాటిలో చాలవాటికి ద్రవమార్గము ఒక్కటే. అట్టి బండిని ఎక్కువారు బయలుదేరుటకు ముందు పెడలును ఒక నిమిషము అదిమిపట్టి చూచుట, చక్రముల లోపలి ప్రక్క తడి యున్నదేమో పరిశీలించుట, చేతిబ్రేకు పట్టుచున్నదో లేదో సరిచూచుట అవసరము. ఈ మూడు పరీక్షలకు ఐదు నిమిషములు చాలును.